క్రాగ్‌సైడ్‌కి ఒక్క రోజే ఉంది: తొలి కరెంటు దీపాలు, నీటి యంత్రాలు ఏ వరసలో చూడాలి?

కుతూహలం

ఇంగ్లండ్ ఉత్తరాన నార్తంబర్లాండ్‌లో ఉన్న క్రాగ్‌సైడ్ చూడటానికి న్యూకాసిల్ నుంచి ఒక రోజు పెట్టుకున్నాం. జలవిద్యుత్తుతో దీపాలు వెలిగించుకున్న మొదటి ఇల్లు అన్న పేరు దానిది. మాకు ఆసక్తి యంత్రాల మీదే, ఫర్నిచర్ మీద కాదు. మొదట ఇల్లు చూడాలా, చెరువులు చూడాలా? కారు లేకుండా వెళ్లగలమా? ఇంకో సందేహం: ఒకచోట 1878 అని, మరోచోట 1880 అని ఉంది, ఏది సరి? మాలో ఇద్దరు అరవై దాటినవాళ్లు, మెట్లు ఎక్కువ ఎక్కలేరు.

కొండదారి

ముందు నీళ్లు, తర్వాత ఇల్లు. చాలామంది నేరుగా ఇంట్లోకి వెళ్తారు. లిఫ్టు, మాంసం కాల్చడానికి తిరిగే ఇనుప సీకు, దీపాలు చూసి బాగున్నాయనుకుంటారు. అవన్నీ దేనితో నడిచాయో తెలిసేసరికి సాయంత్రమై, కొండ ఎక్కే ఓపిక మిగలదు.

కారు లేకపోయినా వెళ్లొచ్చండీ. మోర్పెత్ దాకా రైలు, అక్కడి నుంచి రోత్‌బరీకి బస్సు. ఊళ్లోంచి గేటు సుమారు ఒక మైలు, ఎత్తెక్కే దారి. బస్సులు తరచుగా ఉండవు కాబట్టి తిరుగు బస్సు టైము చూసుకున్నాకే రోజు ప్లాను వేసుకోండి. కానీ మీతో పెద్దవాళ్లున్నారు కనుక ఆ ఒక్క రోజుకీ కారు అద్దెకు తీసుకోమంటాను. ఎస్టేటు చుట్టూ ఆరు మైళ్ల బండి బాట ఉంది. అది వన్‌వే, మధ్యలో వెనక్కి తిరగడం కుదరదు. ఏదైనా దాటిపోతే మళ్లీ మొత్తం చుట్టి రావాలి. నెల్లీస్ మాస్ చెరువులు ఆ బాట పక్కనే, కొండపైన ఉంటాయి. పెద్దవాళ్లు కారు దిగి నాలుగడుగులు వేస్తే చాలు, నీళ్లు ఎంత ఎత్తునుంచి దిగుతాయో కళ్లకు కడుతుంది.

నేనైతే గేటు తెరవగానే ఆ బాట మీద ఒక చుట్టు వేసి, టంబుల్టన్ చెరువు పక్కన కారు ఆపుతాను. ఆనకట్ట దగ్గర పంపుహౌసు, ఆర్కిమిడీస్ మర (నీళ్ల బరువుతో తిరిగి కరెంటు పుట్టించే పొడవాటి మర) చూసి, అప్పుడు ఇంట్లోకి. చివర్లో ఓపికుంటే డెబ్డన్ వాగు మీది ఇనుప వంతెన. వంతెనకు దిగే రాతి మెట్లు ఎగుడుదిగుడుగా ఉంటాయి, వాన పడితే జారతాయి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు దిగొద్దు.

రాగితీగ

రెండు సంవత్సరాలూ సరైనవే, చెప్పే విషయాలే వేరు. 1878లో ఈ ఇంటి యజమాని, ఇంజనీరు విలియం ఆర్మ్‌స్ట్రాంగ్ తన చిత్రాల గ్యాలరీలో ఒకే ఒక ఆర్క్ లైటు పెట్టించాడు. దానికి కరెంటు డెబ్డన్ వాగు దగ్గరినుంచి: నీళ్లు తిప్పే 6 హార్స్‌పవర్ టర్బైన్ చక్రం, దానికి తగిలించిన సీమెన్స్ డైనమో, అంటే కరెంటు పుట్టించే యంత్రం. ఆర్క్ లైటంటే రెండు కార్బన్ కడ్డీల మధ్య ఖాళీలో కరెంటు ఎగిసి మండటమే. కడ్డీలు కాలి అరుగుతుంటే ఖాళీ పెరుగుతూ పోతుంది, దాన్ని ఎప్పటికప్పుడు సర్దకపోతే దీపం రెపరెపలాడి ఆరిపోతుంది. చప్పుడు, వాసన, కళ్లు చెదిరే వెలుగు. పెద్ద గ్యాలరీకి సరిపోతుందేమో గాని, పుస్తకం చదువుకునే గదికి పనికిరాదు. ఆ ఒక్క పెద్ద వెలుగును ముక్కలు చేసి గదికింత పంచే వీలూ లేదు.

1880లో వచ్చింది జోసెఫ్ స్వాన్ కార్బన్ తీగ బల్బు. స్వాన్ పనిచేసిందీ న్యూకాసిల్‌లోనే. గాలి తీసేసిన గాజుబుడ్డిలో తీగ ఎర్రగా కాలి వెలుగుతుంది, గాలి లేదు కనుక మండిపోదు. ఇంట్లో మొత్తం 45 దీపాలు పెట్టారు. కరెంటును ఒక గది నుంచి ఇంకో గదికి మార్చుకునే వీలుండటంతో ఒకేసారి 37కి మించి వెలిగించాల్సిన అవసరం రాలేదు. ఇల్లంతా బల్బులతో వెలిగిన సంవత్సరం అడిగితే 1880 చెప్పండి.

లైబ్రరీలో తొందరపడకండి. అక్కడ 8 దీపాలుండేవి, వాటిలో నాలుగు రాగిమీద ఎనామెల్ పూసిన జాడీల తలమీద ఉండేవి. జాడీ రాగిది కాబట్టి అదే తిరుగు తీగగా పనిచేసింది: బల్బులోంచి వచ్చిన కరెంటు జాడీ ఒంట్లోంచి దిగి, కింది లోహపు పీఠంలోకి పోయేది. వచ్చే కరెంటుకు మాత్రం ఇన్సులేషన్ ఉన్న తీగ జాడీ లోపలినుంచి కిందికి దిగేది. దాని కొసన పూత తీసేసి ఉంటుంది. పీఠం మధ్యలో చిన్న గిన్నె, అందులో పాదరసం. జాడీని పీఠం మీద పెడితే తీగ కొస పాదరసంలో మునిగి దీపం వెలుగుతుంది, ఎత్తితే ఆరిపోతుంది. అంటే జాడీయే స్విచ్చు. ఇదంతా ఆర్మ్‌స్ట్రాంగ్ 1881 జనవరిలో ఒక ఇంజనీరింగ్ పత్రికకు రాసిన లేఖలో ఉంది. ఇప్పుడు జాడీలున్నాయి గాని, పాదరసం పద్ధతి వాడుకలో లేదు.

నీటిచక్రం

పైవాటికి ఒక సవరణ లాంటిది. ఇంట్లో పనులన్నీ కరెంటుతో నడిచాయనుకుని వస్తుంటారు. కాదు. కరెంటు కంటే పదేళ్ల ముందే, 1868లోనే, ఇక్కడ నీటి ఒత్తిడితో యంత్రాలు నడిచాయి. మనుషుల లిఫ్టు, వంటింట్లో మాంసం కాల్చే సీకు తిప్పడం, బట్టలుతికే యంత్రాలు, ఇవన్నీ హైడ్రాలిక్. కరెంటు వంతు ముఖ్యంగా దీపాలు, ఆ తర్వాత పిలవడానికి మోగించే గంటలు.

ఆర్మ్‌స్ట్రాంగ్ పేరు తెచ్చుకున్నదే అందులో. న్యూకాసిల్ రేవులో 1846లో నీటి ఒత్తిడితో నడిచే క్రేను నిలబెట్టాడు, టైన్ నది మీద 1876లో తెరిచిన స్వింగ్ బ్రిడ్జి యంత్రాలు కూడా ఆయన కంపెనీవే. ఆ పనితనాన్నే ఇంటికి తెచ్చుకున్నాడు. (కంపెనీ ఫిరంగులు, యుద్ధనౌకలు కూడా చేసింది. ఈ ఎస్టేటు ఆ డబ్బుతో కూడా పెరిగిందన్నది మరిచిపోకుండా చూడాల్సిన ఇల్లు.)

టంబుల్టన్ ఆనకట్ట కింది పంపు సూత్రం ఇది: చెరువులోంచి ఎక్కువ నీళ్లు కొద్ది ఎత్తునుంచి పడి పిస్టన్ను తోస్తాయి, ఆ తోపు కొద్ది నీళ్లను ఎక్కువ ఎత్తుకు ఎక్కిస్తుంది. బొగ్గు అక్కర్లేదు, ఆవిరి అక్కర్లేదు. అలా కొండమీది తొట్టికి చేరిన నీళ్లు గొట్టంలో తిరిగి ఇంటికి దిగుతాయి. ప్రతి పది మీటర్ల ఎత్తుకూ సుమారు ఒక బార్ ఒత్తిడి. ఇంట్లో లిఫ్టును పైకి తీసుకెళ్లే బలం ఆ ఎత్తే. లిఫ్టు దగ్గర నిలబడినప్పుడు మోటారు కోసం వెతక్కండి, గొట్టాలు ఎటునుంచి వస్తున్నాయో చూడండి.

కింది అంతస్తులో టర్కిష్ స్నానపు గదులు కూడా వదలొద్దు. వేడి గది, చల్లటి నీళ్ల తొట్టి అన్నీ ఉన్నాయి. మెట్లు దిగాలి కనుక పెద్దవాళ్ల సంగతి అక్కడి సిబ్బందిని ముందే అడగండి.

కుతూహలం

చాలా థాంక్సండీ. రాగితీగ గారూ, కరెంటు తయారీని తర్వాత డెబ్డన్ నుంచి ఎస్టేటులోనే ఉన్న బర్న్‌ఫుట్‌కి మార్చారని చదివాను. పనిచేస్తున్నదాన్ని ఎందుకు మార్చారు?

రాగితీగ

ఎత్తు కోసం. డెబ్డన్ దగ్గర నీళ్లు పడే ఎత్తు 29 అడుగులే, అంటే 9 మీటర్లకు కొంచెం తక్కువ. అంత తక్కువ ఎత్తులో 6 హార్స్‌పవర్, అంటే దాదాపు నాలుగున్నర కిలోవాట్లు రావాలంటే, నష్టాలు కలుపుకుని సెకనుకు సుమారు 70 లీటర్లు పారాలి. వేసవిలో చిన్న వాగుకు అది కష్టం. నెల్లీస్ మాస్ నుంచి బర్న్‌ఫుట్‌కి 340 అడుగులు, దాదాపు పన్నెండు రెట్లు. అదే శక్తికి సెకనుకు ఆరు లీటర్లు చాలు. నీళ్లు తక్కువున్నా దీపాలు వెలుగుతాయి, ఎక్కువున్న రోజుల్లో ఇంకా పెద్ద యంత్రం నడుస్తుంది. 1886లో బర్న్‌ఫుట్ పవర్‌హౌస్ వచ్చింది. కరువు రోజుల కోసం తర్వాత అక్కడే ఒక గ్యాస్ ఇంజను కూడా చేర్చారు.

తీగ సంగతి కూడా చూడండి. డెబ్డన్ నుంచి ఇంటికి 1500 గజాలు, రానూపోనూ 3000. వాడింది బర్మింగ్‌హామ్ గేజిలో ఒకటో నంబరు రాగి తీగ, మందం సుమారు 7.6 మిల్లీమీటర్లు. ఇప్పటి రాగి లెక్కన ఆ మొత్తం పొడవుకు రెసిస్టెన్సు ఒక ఓం దగ్గర తేలుతుంది. 20 ఆంపియర్లు లాగితే 20 వోల్టులు దారిలోనే పోతాయి, 400 వాట్లు తీగను వెచ్చబెట్టడానికే. ఇంకో పది దీపాలు వేస్తే అప్పటికే వెలుగుతున్నవి మసకబారతాయి. 37 అన్న అంకె చూసినప్పుడల్లా నాకు ఈ లెక్కే గుర్తొస్తుంది.

నీటిచక్రం

దానికి తోడు టంబుల్టన్ దగ్గరి ఆర్కిమిడీస్ మర. 2014లో నేషనల్ ట్రస్ట్ (ఈ ఎస్టేటును చూసుకునే సంస్థ) పెట్టింది, పొడవు 17 మీటర్లు. పాత టర్బైన్లో నీళ్లు గొట్టంలో ఒత్తిడితో వచ్చి చక్రాన్ని కొడతాయి, ఇక్కడ అలా కాదు. పైనుంచి వచ్చిన నీళ్లు మర రేకుల మధ్య కూర్చుని, తమ బరువుతో దాన్ని నెమ్మదిగా తిప్పుతూ దిగుతాయి. మర తిరిగేది నెమ్మదిగా కనుక, గేరుబాక్సుతో వేగం పెంచి జనరేటరుకు ఇస్తారు. చెరువులో మట్టం తగ్గితే ఆపేస్తారు. ఎండలు ముదిరిన వారాల్లో వెళ్లి, మర కదలట్లేదు, పాడైందనుకుంటారు. పాడవలేదు, నీళ్లు లేవంతే. వానలు పడ్డ రెండు మూడు రోజులకు వెళ్తే తిరుగుతూ కనిపించే అవకాశం ఎక్కువ.

కొండదారి

మిగిలినవి. చలికాలంలో ఇల్లు చాలా రోజులు మూసే ఉంటుంది, తోటలు తెరిచినా ఇంట్లోకి పోలేరు. మంచు, పెనుగాలి ఉంటే బండి బాట కూడా మూసేస్తారు, కాబట్టి ఆ ఉదయం నేషనల్ ట్రస్ట్ పేజీ చూసి బయల్దేరండి. సభ్యత్వం ఉంటే టిక్కెట్టు కొనక్కర్లేదు, కార్డు మరిచిపోకండి. మే చివర, జూన్ మొదట రోడోడెండ్రాన్లు పూస్తాయి, జనమూ అప్పుడే ఎక్కువ. ఆ వారాల్లో ఇంట్లోకి పొద్దున్నే వెళ్లిపోయి, చెరువుల చుట్టు మధ్యాహ్నానికి మార్చుకోండి. ఇంటికి ఆఖరి ప్రవేశం గేటు మూసే సమయం కంటే చాలా ముందే అయిపోతుంది.

లోపల డ్రాయింగ్ రూములో 10 టన్నుల పాలరాతి పొయ్యిగూడు ఉంది, దాని ముందు అందరూ ఆగిపోతారు. మీ సమయం లైబ్రరీకి, వంటింటికి దాచుకోండి. వంటింట్లో సీకు తిప్పే యంత్రం పొయ్యి దగ్గరే ఉంటుంది. ఎక్కడున్నదీ తెలియకపోతే గదిలో ఉండే వాలంటీర్లను అడిగితే చూపిస్తారు.