సమస్యాపూరణం: భయమె భక్తున కెప్పుడు బలము నొసఁగు

నిర్వాహకుడు:
ఈ వారం సమస్య తేటగీతిలో ఇస్తున్నాను.

*భయమె భక్తున కెప్పుడు బలము నొసఁగు*

దేవుణ్ణి నమ్మినవాడికి భయమేమిటి అంటాం కదా, ఈ పాదం దానికి అడ్డంగా మాట్లాడుతోంది. దీన్ని ఎలా ఒప్పిస్తారో మీ ఇష్టం. జబ్బు, అప్పు, తుఫాను, పరీక్ష... ఏ కష్టాన్నైనా తీసుకోండి. కొత్తవాళ్ళకి ఒక్కమాట: తేటగీతిలో పాదానికి ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, మళ్ళీ రెండు సూర్యగణాలు ఉంటాయి. నాలుగో గణం మొదటి అక్షరం దగ్గర యతి, అంటే అది పాదం మొదటి అక్షరంతో జతకుదరాలి. ప్రాస నియమం లేదు కాబట్టి ఊపిరాడుతుంది. ఇచ్చిన పాదాన్ని నాలుగోదిగా ఉంచి మిగతా మూడూ మీరు రాయాలి.

పద్యపిపాసి:
మొదటి బోణీ నాదే.

*మకరి పట్టిన గజరాజు మడుగులోన*
*నీవె దిక్కని పిలిచిన నిమిషమందె*
*చేతఁ జక్రమ్ముతో వచ్చెఁ జేరి హరి, య*
*భయమె భక్తున కెప్పుడు బలము నొసఁగు*

మూడో పాదం చివర "య" చూశారుగా, "హరి + అభయమె". భయం కాదు, అభయం!

నిర్వాహకుడు:
చూశాను. ఆ తలుపు నేనే తెరిచి పెట్టాను, మీరు నేరుగా వచ్చేశారు. యతులు, గణాలు అన్నీ సరిపోయాయి. మాటని రెండు పాదాల మధ్య విడగొట్టిన ఆ విరుపు కూడా శుభ్రంగా ఉంది. అయితే ఇకమీదట వచ్చేవాళ్ళందరూ ఇదే తలుపులోంచి వస్తే నాకు నిద్ర వస్తుందని ముందే చెబుతున్నాను.

గణయతి:
గణాల సంగతి వదిలేయండి, కథలో ఒక పొరపాటు ఉంది. పోతన భాగవతంలో హరి బయల్దేరేటప్పుడు శంఖచక్రాలు చేత పట్టుకోలేదు, లక్ష్మీదేవికి మాటైనా చెప్పలేదు, ఆ కంగారే ఆ ఘట్టానికి ప్రాణం. మీ హరి తీరిగ్గా చక్రం తీసుకుని వచ్చాడు. ఏనుగు ఎంతసేపు ఎదురుచూడాలి?

పద్యపిపాసి:
నిజమే, దొరికిపోయాను. మూడో పాదం మారుస్తున్నాను:

*చేతి చక్రమ్ము మఱచియుఁ జేరె హరి, య*

గణయతి:
ఇప్పుడు పరుగెత్తింది. ముందు పాదంలో చక్రం బరువు ఉండేది, ఇందులో ఆత్రం ఉంది.

తేనెచుక్క:
నాది సరదాకి. తిట్టకండి.

*పాఠములు చదువనివాఁడు పరుగు వెట్టె*
*గుడికి ఫలితాల ముందుగఁ గోర్కెతోడ*
*భక్తుఁడాయెను మూన్నాళ్ళు పాపమతఁడు*
*భయమె భక్తున కెప్పుడు బలము నొసఁగు*

నిర్వాహకుడు:
భయం బలం ఇచ్చిందో లేదో గానీ మార్కులిచ్చిందా? "మూన్నాళ్ళు" బాగా పడింది. సమస్యలోని "ఎప్పుడు" మాత్రం ఏడుస్తోంది. మూడు రోజుల భక్తికి "ఎప్పుడు" అతకదు. హాస్యం కాబట్టి వదిలేస్తున్నాను.

పాతమిత్రుడు:
నాకు సమస్య మీదే అభ్యంతరం ఉంది. నిజమైన భక్తుడికి భయం ఉండదు. ప్రహ్లాదుణ్ణి చూడండి. హిరణ్యకశిపుణ్ణి చంపిన తర్వాత నరసింహుడి దగ్గరికి వెళ్ళడానికి లక్ష్మీదేవే జంకితే, ఆ పిల్లవాడు నింపాదిగా వెళ్ళి కాళ్ళ మీద పడ్డాడు. అలాంటివాడికి భయం బలం ఇచ్చిందంటే ఎవరు నమ్ముతారు? "అభయం" అని విరిస్తే తప్ప ఈ పాదం నిలబడదు.

నీలిసిరా:
ప్రహ్లాదుణ్ణే తీసుకున్నారు కాబట్టి అక్కడే ఇంకొన్ని శ్లోకాలు ముందుకి వెళ్ళండి. భాగవతం సప్తమ స్కంధంలోనే, నరసింహుణ్ణి స్తుతి చేస్తూ ఆయనే అంటాడు: నీ కోరలు, నీ నాలుక, నీ గర్జన చూస్తే నాకు భయం లేదు గానీ ఈ సంసారచక్రంలో నలిగిపోవడం చూస్తే హడలిపోతున్నాను, నీ పాదాల దగ్గరికి ఎప్పుడు పిలుస్తావు అని. అంటే భయం ఉంది. దాన్ని ఎవరి ముందు చెప్పుకోవాలో ఆయనకి తెలుసు. అర్జునుడైతే మరీ స్పష్టం. గీతలో 11వ అధ్యాయం 35వ శ్లోకం చూడండి, కిరీటి వణుకుతూ, చేతులు జోడించి, గొంతు డగ్గుత్తికపడి, భయపడుతూ భయపడుతూ నమస్కరించాడు అని ఉంటుంది. భయం తగ్గాక దణ్ణం పెడదామని ఆగలేదు.

పాతమిత్రుడు:
అర్జునుడికి వచ్చినది విశ్వరూపం చూసి పుట్టిన భయం. మన భయాలు ఆ స్థాయివా? నెలాఖరు టెన్షన్లు మనవి.

నీలిసిరా:
టెన్షన్ చిన్నదైనా గుండె కొట్టుకోవడం ఒకటే కదా. శరణాగతికి ఆరు అంగాలు చెప్తారు. అందులో "కాపాడతాడన్న నమ్మకం" ఒకటి, "కార్పణ్యం" ఇంకొకటి, అంటే నా వల్ల కాదు బాబోయ్ అని ఒప్పుకోవడం. రెండూ పక్కపక్కనే ఉన్నాయి. మొదటిది వచ్చింది కాబట్టి రెండోది పోవాలని ఎవరూ అనలేదు. సరే, వాదన ఎందుకు, పద్యం వదులుతున్నాను.

*కొమ్మ కొమ్మకు దూకెడి కోతి కడుపుఁ*
*బట్టి వదలదు చిన్నారి పడుదునంచు*
*నిన్ను నటులనె పట్టితి నీరజాక్ష*
*భయమె భక్తున కెప్పుడు బలము నొసఁగు*

నిర్వాహకుడు:
ఆహా! విరుపు లేకుండా, భయాన్ని భయంగానే ఉంచి నెగ్గారు. మర్కటకిశోర న్యాయం. పిల్లి తన పిల్లని నోటితో పట్టుకుని తీసుకుపోతుంది, పిల్లకి పనేమీ ఉండదు. కోతిపిల్ల మాత్రం తానే తల్లిని పట్టుకోవాలి. శ్రీవైష్ణవంలోని రెండు శాఖల్లో తెంకలై వాళ్ళు పిల్లిపిల్లని, వడకలై వాళ్ళు కోతిపిల్లని ఉదాహరణగా చెప్పి తరతరాలుగా వాదించుకున్నారు. ఇందులో కొత్తదనమేమిటంటే, కోతిపిల్ల పట్టు ఎందుకంత గట్టిగా ఉంటుందో ఈ పద్యం చెప్పింది. పడిపోతానన్న భయమే దాని వేళ్ళకి బలం. తల్లి కొమ్మ మీద కూర్చున్నప్పుడు పిల్ల అటూ ఇటూ దిక్కులు చూస్తుంది, చెయ్యి వదులుగానే ఉంటుంది. తల్లి గాల్లోకి లేచిన క్షణంలో చూడండి, బొచ్చు పిడికిట్లోకి వచ్చేస్తుంది.

గణయతి:
అంతా బాగుంది గానీ "నీరజాక్ష" ఎవరండీ? యతి కోసం వచ్చిన చుట్టం. వచ్చాడు, కూర్చున్నాడు, పద్యానికి ఏమీ చెయ్యలేదు.

నీలిసిరా:
ఒప్పుకుంటున్నాను. "పట్టితి నెపుడు విడక" అంటే?

గణయతి:
అక్కడ అఖండయతి అవుతుంది. "పట్టితిన్ + ఎపుడు" కదా, యతిస్థానంలో నిజంగా ఉన్నది "ఎ". ద్రుతంలోని నకారాన్ని చూపించి "ని"తో కలిపితే కొందరు ఒప్పుకుంటారు, నేను ఒప్పుకోను. ఈ విషయంలో నాతో వాదన పెట్టుకోకండి, రాత్రంతా పడుతుంది.

నీలిసిరా:
రాత్రంతా అన్నారు, దారి దొరికింది.

*నిన్ను నటులనె పట్టితి నిద్ర లేక*

గణయతి:
చాలు. ఇక నేను మాట్లాడను. "నిద్ర లేక" అనగానే కోతి పోయి మనిషి వచ్చాడు.

కొత్తకలం:
నమస్కారం. పద్యం రాయడం ఇదే మొదటిసారి. వేళ్ళ మీద గణాలు లెక్కపెట్టుకుని రాశాను. తప్పులుంటే చెప్పండి.

*ఆపరేషను గదిముందు అమ్మతోడ*
*గడియ గడియకు గుండెలు కదలిపోవ*
*నాన్నకై మ్రొక్కుకొంటిమి నమ్మకమున*
*భయమె భక్తున కెప్పుడు బలము నొసఁగు*

తేనెచుక్క:
మొదటి పద్యమా ఇది? నా మొదటి పద్యంలో గణాలు బస్సెక్కి వెళ్ళిపోయాయి.

నిర్వాహకుడు:
కొత్తకలం గారూ, గణాలు, యతులు అన్నీ సరిగ్గా ఉన్నాయి. రెండు మాటలు చెప్తాను. ఒకటి చిన్నది. "ముందు అమ్మ" అని విడదీయకూడదు, ఉత్వసంధి నిత్యం, అది "ముందమ్మ" అవుతుంది, అప్పుడు గణం పోతుంది. "గదిచెంత నమ్మతోడ" అనండి, సరిపోతుంది. రెండోది పెద్దది. మూడో పాదం "నమ్మకమున" అని ముగించి, నాలుగో పాదంలో "భయమె" అంటున్నారు. నమ్మకం ఇచ్చిన బలాన్ని భయం ఖాతాలో ఎందుకు వేశారు? సమస్య పైన అతికించినట్టుంది, పద్యంలోంచి మొలవలేదు.

పాతమిత్రుడు:
"ఆపరేషను" ఇంగ్లీషు మాట. "శస్త్రచికిత్స" అనొచ్చుగా?

గణయతి:
ఆ గది ముందు కూర్చున్నవాళ్ళు ఎవరైనా "శస్త్రచికిత్స ఎంతసేపట్లో అవుతుందండీ" అని అడగడం మీరు విన్నారా? ఉండనివ్వండి.

కొత్తకలం:
నిర్వాహకుడు గారూ, మీరు అడిగాక ఆ రోజు గుర్తు చేసుకున్నాను. నిజం చెప్పాలంటే నమ్మకం అనేది నాకు గుర్తులేదు. పద్యం కదా, ఉండాలేమో అని రాశాను. గుర్తున్నది వేరే. ఇద్దరం కుర్చీల్లో పక్కపక్కన కూర్చున్నాం. తలుపు పైన ఎర్ర లైటు వెలుగుతోంది. అమ్మ పెదాలు కదులుతున్నాయి, శబ్దం లేదు. నేను అమ్మ చెయ్యి పట్టుకున్నాను. వణుకుతోంది. కాసేపటికి వణుకుతున్నది ఆవిడ చెయ్యా, నాదా తెలియలేదు. అమ్మ మధ్యలో పేరు తప్పిపోతే మళ్ళీ మొదట్నుంచి అందుకుంటోంది. ధైర్యంగా ఉన్న రోజుల్లో ఆవిడ అంత శ్రద్ధగా జపం చేయడం నేనెప్పుడూ చూడలేదు. మూడో పాదం ఇలా మార్చాను:

*ఆపరేషను గదిచెంత నమ్మతోడ*
*గడియ గడియకు గుండెలు కదలిపోవ*
*నాన్నకై మ్రొక్కితిమి చేయి నడుకుచుండ*
*భయమె భక్తున కెప్పుడు బలము నొసఁగు*

పాతమిత్రుడు:
"మ్రొక్కితిమి" బహువచనం, "చేయి" ఏకవచనం. ఇద్దరికి ఒకే చెయ్యి ఎలా?

కొత్తకలం:
పట్టుకుని ఉన్నాం కదండీ. ఒకటే అయింది.

పాతమిత్రుడు:
అభ్యంతరం వెనక్కి తీసుకుంటున్నాను. సమస్య మీద పెట్టినది కూడా.

మూడోపాదం:
ఆలస్యంగా వచ్చాను, క్షమించండి. నాది బైబిలు కథ, మత్తయి సువార్త 14వ అధ్యాయం, యేసు శిష్యుడు పేతురు నీళ్ళ మీద నడిచిన ఘట్టం.

*గాలిఁ జూచిన పేతురు కలఁతఁ జెంది*
*మునిఁగిపోవుచు నేసుకు మొఱ్ఱ వెట్టె*
*చాచి చేయిని పట్టెను జాలితోడ*
*భయమె భక్తున కెప్పుడు బలము నొసఁగు*

నీలిసిరా:
ఆ కథలో నాకు నచ్చేది వరస. యేసు ముందు చెయ్యి పట్టుకున్నాడు, "అల్పవిశ్వాసీ, ఎందుకు సందేహపడ్డావు" అన్న మందలింపు ఆ తర్వాత. మునిగేవాడికి ముందు పాఠం చెప్పి తర్వాత చెయ్యి ఇవ్వలేదు.

గణయతి:
పద్యంలో ఆ మందలింపు లేకపోవడం లోటే. ఇంకో పాదం ఉంటే బాగుండేది, తేటగీతికి నాలుగే కదా. "కలఁతఁ జెంది" కొంచెం మెత్తగా ఉంది. పడవ దిగి నీళ్ళ మీద నాలుగడుగులు వేసినవాడు గాలిని చూసి బెదిరిపోవడం "కలత" కాదు. అయినా "గా"కి "క" యతి కుదిరింది కాబట్టి సరే.

పద్యపిపాసి:
నేను మళ్ళీ వచ్చాను. మళ్ళీ విరుపే, కానీ ఆ పాత తలుపు కాదు.

*చేతి తెడ్డును వదలక శివుని దలఁచి*
*నడుపుచుండును నావను నావికుండు*
*శ్రమయు వేఁడుకోలును నిట్లు సాగ వలె, ను*
*భయమె భక్తున కెప్పుడు బలము నొసఁగు*

నిర్వాహకుడు:
"వలెన్ + ఉభయమె"! సమస్య ఇచ్చినవాడికే తట్టని విరుపు. అభయం ఒక్కటే ఉందనుకున్నాను, ఉభయం కూడా ఉందన్నమాట. తెడ్డు వేయడం, దేవుణ్ణి తలవడం, రెండూ. మూడో పాదంలో "సాగ వలె" కొంచెం మాస్టారి గొంతులా ఉంది గానీ, "ను" అక్కడికి రావాలంటే ఆ మాత్రం బెత్తం పట్టుకోక తప్పదు.

తేనెచుక్క:
ఇంతకీ ఈ వారం ఎవరిది బాగున్నట్టు?

నిర్వాహకుడు:
నేర్పుకైతే ఉభయం. పద్యంగా అయితే కోతిపిల్ల. నాకు నిద్రలో గుర్తొచ్చేది మాత్రం కొత్తకలం గారి మూడో పాదం. ఒక్కదాన్నే ఎంచమంటే ఎంచను.

కొత్తకలం:
ధన్యవాదాలు. పద్యం ఇంట్లో నాన్నకి చదివి వినిపించాను. కళ్ళజోడు పెట్టుకుని తనే మళ్ళీ ఒకసారి చదువుకుని, "గడియ అంటే ఇరవైనాలుగు నిమిషాలురా. అంతసేపు ఆగి ఆగి కదిలాయా మీ గుండెలు?" అన్నారు. రెండో పాదం మార్చాలి. కొంచెం సాయం చేయండి.