పాత సావేజ్ యాక్సిస్ .308 రైఫిల్ కొనవచ్చా? కొంటే దేని మీద ఖర్చు పెట్టాలి?

ఫ్రిస్కోవాసి:

అందరికీ నమస్కారం. నేను డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటున్నాను, హెచ్-1బి మీద ఉద్యోగం చేస్తున్నాను. మా ఆఫీసులో ఒక పెద్దాయనకు తూర్పు టెక్సాస్‌లో పశువుల మేత కోసం గడ్డి పెంచే పొలం ఉంది. అడవిపందులు మందగా వచ్చి ఆ పొలాన్ని ఒక్క రాత్రిలో నాగలి పెట్టి దున్నినట్టు తవ్విపోతున్నాయి. మాది అనంతపురం జిల్లా కనుక, చేతికి రావలసిన వేరుశనగ చేను పందుల పాలైతే రైతుకు ఎలా ఉంటుందో నాకు వేరే ఎవరూ చెప్పనక్కరలేదు. ఆయన తనతో పాటు వేటకు రమ్మని, ముందుగా సొంతంగా ఒక రైఫిల్ చూసుకోమని అన్నారు.

ఆయనకు తెలిసిన ఒకాయన తన పాత సావేజ్ యాక్సిస్ బోల్ట్ యాక్షన్ రైఫిల్‌ను (ప్రతి తూటాకూ బోల్ట్ అనే కడ్డీని చేత్తో వెనక్కి లాగి ముందుకు తోయాలి), దాని మీద ఉన్న 3-9×40 స్కోప్‌తో (గురి చూసే దుర్బిణితో) కలిపి 275 డాలర్లకు ఇస్తానంటున్నారు. క్యాలిబర్ .308 విన్చెస్టర్, ప్లాస్టిక్ స్టాక్ (బ్యారెల్‌ను మోసే, భుజానికి ఆనించే చట్రం), నాలుగు తూటాలు పట్టే మ్యాగజైన్. తుపాకీ అన్నది చేత పట్టుకోవడమే నాకు ఈ దేశానికి వచ్చాక మొదలైంది కాబట్టి, వాడిన రైఫిల్‌లో మంచిచెడ్డలు ఎలా గుర్తించాలో తెలియదు. మొత్తం ఖర్చు 600 డాలర్లు దాటకూడదని అనుకుంటున్నాను. వీసా మీద ఉన్నవాళ్లు అసలు కొనవచ్చా, కొనే ముందు ఏమేమి పరీక్షించాలి, కొన్నాక స్టాక్, ట్రిగ్గర్, స్కోప్ ఈ మూడింటిలో దేన్ని ముందు బాగుచేసుకోవాలి అన్నది తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

గోదావరి_హ్యూస్టన్:

ఫ్రిస్కోవాసి గారూ, రైఫిల్ సంగతి మిగతావారు చెబుతారు, నేను చట్టం గురించి చెబుతాను, ఎందుకంటే మనవాళ్లలో చాలామంది ఇక్కడే పొరబడుతున్నారు. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం నాన్-ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవారు తుపాకీని గానీ తూటాలను గానీ దగ్గర పెట్టుకోకూడదు. ఆ నిషేధానికి ఉన్న మినహాయింపుల్లో మీకు పనికివచ్చేది ఒక్కటే: ఏదైనా రాష్ట్రం జారీచేసిన, గడువు తీరని వేట లైసెన్సు మీ దగ్గర ఉండాలి. గ్రీన్ కార్డు ఉన్నవారికి ఈ చిక్కు లేదు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. సొంతదారు అనుమతితో ప్రైవేటు భూమిలో అడవిపందులను వేటాడటానికి టెక్సాస్‌లో 2019 నుంచి లైసెన్సు అవసరం లేదు. ఆ మాట పట్టుకుని మీ ఆఫీసు పెద్దాయన మీకు లైసెన్సు అక్కరలేదని చెప్పవచ్చు. ఆయన వరకు అది నిజమే. కానీ మీకు లైసెన్సు కావలసింది పందుల కోసం కాదు, రైఫిల్‌ను ముట్టుకోవడానికే. పైగా టెక్సాస్‌లో ఏడాది లైసెన్సు గడువు ఎప్పుడు కొన్నా ఆగస్టు 31తో తీరిపోతుంది కాబట్టి, కొత్తది ఆ లోపే తీసుకోకపోతే ఇంట్లో బీరువాలో ఉన్న రైఫిలే మిమ్మల్ని నేరస్థుణ్ణి చేస్తుంది. 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవారు వేటగాళ్ల శిక్షణ కోర్సు కూడా పూర్తిచేయాలి. 17 ఏళ్లు దాటినవారు దాన్ని ఆన్‌లైన్‌లోనే ముగించవచ్చు.

ఒకే రాష్ట్రంలో నివసించే ఇద్దరి మధ్య అమ్మకానికి టెక్సాస్ చట్టం దుకాణం ద్వారా తనిఖీ అడగదు. అయినా లైసెన్సు ఉన్న డీలర్ దగ్గరికి ఇద్దరూ కలిసి వెళ్లి, 4473 ఫారం (తుపాకీ కొనేవారు నింపే ఫెడరల్ పత్రం) నింపి, ఐ-94 (మీ దేశ ప్రవేశ రికార్డు) నంబరు, వేట లైసెన్సు చూపించి బదిలీ చేయించుకోవడం మీకు మేలు. వీసా మీద ఉన్న మనిషికి ఆ కాగితం విలువ దానికి కట్టే రుసుము కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. ఇంట్లో 17 ఏళ్ల లోపు పిల్లలుంటే, వాళ్లకు అందేలా తూటాలు నింపిన తుపాకీ ఉంచడం ఇక్కడ నేరం కాబట్టి తాళం వేసే పెట్టె ఖర్చును కూడా మీ 600 డాలర్లలోనే లెక్క వేసుకోండి.

బ్రాజోస్‌తీరం:

యాక్సిస్ చవక రైఫిలే, కానీ దాని బ్యారెల్ చవక పని చేయదు. మొదట ఎడ్జ్ అనే పేరుతో వచ్చిన ఈ మోడల్‌లో సావేజ్ సంస్థ డబ్బు మిగుల్చుకున్నదంతా స్టాక్‌లోనూ ట్రిగ్గర్‌లోనూ మాత్రమే. బోల్ట్ తల కొద్దిగా కదిలేలా అమర్చి తూటాకు సమంగా ఆనేలా చేసే పద్ధతిని, బ్యారెల్‌ను పెద్ద నట్టుతో బిగించే పద్ధతిని తమ ఖరీదైన రైఫిళ్ల నుంచే దీనికీ తెచ్చారు. అందువల్ల వాడిన యాక్సిస్‌ను చూసేటప్పుడు ప్లాస్టిక్ మీద గీతలను పట్టించుకోకుండా, మీ దృష్టంతా ఉక్కు మీద పెట్టండి.

ముందు మ్యాగజైన్ తీసి, బోల్ట్ వెనక్కి లాగి, చాంబర్ (తూటా కూర్చునే గది) ఖాళీగా ఉందని కంటితోనూ వేలితోనూ చూసుకోండి. తర్వాత బోల్ట్‌ను పూర్తిగా బయటికి తీసి, చాంబర్ వైపు నుంచి చిన్న టార్చి వేసి, మూతి వైపు నుంచి బ్యారెల్ లోపల చూడండి. రైఫిలింగ్, అంటే తూటాను తిప్పడానికి లోపల మెలికగా చెక్కిన గాడులు, అంచులు పదునుగా, చివరిదాకా ఒకే మెరుపుతో కనిపించాలి. నల్లని గుంటలు కనిపిస్తే అది తుప్పు తిన్న బ్యారెల్, బేరం అక్కడితో ఆపేయండి. రాగి రంగు చారలు కనిపిస్తే భయపడనక్కరలేదు, శుభ్రం చేస్తే పోతాయి. లోపల ఎక్కడైనా ఒక వలయంలా నీడ కనిపిస్తే బ్యారెల్ ఉబ్బిందన్న అనుమానం పెట్టుకోవాలి. మూతి అంచు, అంటే క్రౌన్, నొక్కుకుపోయి ఉందేమో వేలి గోటితో చుట్టూ తడిమి చూడండి. తూటా బ్యారెల్‌ను చివరగా తాకేది అక్కడే కనుక, అక్కడి చిన్న గాయం కూడా గురిని చెదరగొడుతుంది.

నట్టు పద్ధతి వల్ల ఇంట్లోనే బ్యారెల్ మార్చుకునేవారు సావేజ్ వాడేవారిలో ఎక్కువ. నట్టు మీద రెంచ్ జారిన గుర్తులుంటే, ఎవరు మార్చారు, మార్చాక హెడ్‌స్పేస్ (బోల్ట్ మూసినప్పుడు తూటాకు మిగిలే చోటు) కొలిచారా అని అడగండి. జవాబు సరిగా రాకపోతే గన్‌స్మిత్ దగ్గర కొలిపించకుండా ఒక్క తూటా కూడా పేల్చవద్దు. గో గేజ్ పెట్టినప్పుడు బోల్ట్ మూసుకోవాలి, నో-గో గేజ్ పెట్టినప్పుడు మూసుకోకూడదు. గన్‌స్మిత్‌కు అది కొద్ది నిమిషాల పని.

ఆ తర్వాత ట్రిగ్గర్. పాత యాక్సిస్‌లో అది బరువుగా ఉంటుంది, దాన్ని తేలిక చేయాలని లోపలి స్ప్రింగును కత్తిరించడమో, హార్డ్‌వేర్ దుకాణంలో దొరికిన మెత్తని స్ప్రింగు వేయడమో చాలామంది చేస్తారు. అమ్మే ఆయనను ఈ సంగతి సూటిగా అడగండి. ఖాళీ రైఫిల్‌తోనే, బోల్ట్‌ను జోరుగా మూసి చూడండి, కాక్ చేసి, అంటే పేలడానికి సిద్ధంగా ఉంచి, రైఫిల్ అడుగుభాగాన్ని రబ్బరు సుత్తితో తట్టి చూడండి. ఫైరింగ్ పిన్ (తూటాను పేల్చే సూది) తనంతట తాను పడిపోకూడదు. సేఫ్టీ వేసి ట్రిగ్గర్ గట్టిగా లాగి వదిలేసి, ఆ తర్వాత సేఫ్టీ తీసినప్పుడు కూడా పడకూడదు. ఈ పరీక్షల్లో ఒక్కటి తప్పినా ఆ రైఫిల్ ధర ఎంత తగ్గించినా తీసుకోవద్దని నా గట్టి మాట.

ఫ్రిస్కోవాసి:

ఇద్దరికీ చాలా కృతజ్ఞతలు. లైసెన్సు చేతికి వచ్చాకే వెళ్లి రైఫిల్‌ను చూశాను. బ్యారెల్ లోపల గుంటలేమీ లేవు, గాడులు మెరుస్తున్నాయి, మూతి దగ్గర రాగి పూత మాత్రం బాగా ఉంది. నట్టు మీద రెంచ్ గుర్తులు లేవు, ట్రిగ్గర్ బరువుగానే ఉంది కానీ మీరు చెప్పిన పరీక్షలన్నిటికీ నిలిచింది. అయితే రెండు విషయాలు కనిపించాయి. స్టాక్ ముందుభాగాన్ని బ్యారెల్ వైపు బొటనవేలితో నొక్కితే అది వంగి బ్యారెల్‌కు అంటుకుంటోంది. ఒక డాలరు నోటును ఆ సందులో పెట్టి జరిపితే కుడివైపు సగంలోనే ఆగిపోతోంది. రెండోది, స్కోప్‌ను చేత్తో పట్టుకుని కదిలిస్తే వెనక బేస్ (స్కోప్‌ను రైఫిల్‌కు బిగించే దిమ్మ) దగ్గర సన్నగా కిర్రుమని శబ్దం వచ్చింది. ఇవి చూపించాక ఆయన 250కి ఒప్పుకున్నారు. డీలర్ దగ్గర బదిలీ కూడా అయిపోయింది. ఇప్పుడు కొత్త స్టాక్ కొనాలా, ట్రిగ్గర్ మార్చాలా?

బ్రాజోస్‌తీరం:

రెండూ కాదు, ముందు స్కోప్ విప్పండి. ఆ కిర్రుమన్న శబ్దం బేస్ స్క్రూ వదులైనందువల్ల వచ్చేది. అది వదులుగా ఉన్నంత కాలం మీరు ఏ ట్రిగ్గర్ పెట్టినా, ఏ స్టాక్ పెట్టినా తూటా పోయేచోటు నిలకడగా ఉండదు. బేసులు పూర్తిగా తీసి, స్క్రూలనూ రంధ్రాలనూ నూనె జిడ్డు లేకుండా తుడిచి, నీలం రంగు లాక్‌టైట్ (స్క్రూలు వదులు కాకుండా పట్టే జిగురు) చుక్క వేసి బిగించండి. ఎరుపుది వేయవద్దు, మళ్లీ ఊడదీయాలంటే వేడి చేయవలసి వస్తుంది. రింగు స్క్రూలకు సాధారణంగా 15 నుంచి 18 ఇంచ్-పౌండ్లు చాలు. అందుకు చిన్న టార్క్ రెంచ్ ఒకటి కొనుక్కోండి, చేతి అంచనాతో బిగిస్తే స్కోప్ గొట్టం నలిగిపోతుంది.

తర్వాత స్టాక్. యాక్సిస్ స్టాక్ ముందుభాగం లోపల బోలుగా ఉంటుంది, అందుకే ఇసుక సంచి మీద ఆనించగానే వంగి బ్యారెల్‌ను తోస్తుంది; ఒకసారి ఒకలా, ఇంకోసారి ఇంకోలా ఆనించినప్పుడు గుళ్లు వేర్వేరు చోట్ల పడేది ఇందువల్లే. రైఫిల్‌ను స్టాక్ నుంచి విడదీసి, ఒక గుండ్రని కర్రకు ఉప్పుకాగితం చుట్టి, బ్యారెల్ కూర్చునే కాలువను రెండు వైపులా అరగదీయండి, నోటు మడత పెట్టినా నట్టు దాకా అడ్డు లేకుండా జరిగేంతవరకు. నట్టు వెనకనున్న భాగాన్ని మాత్రం ముట్టుకోవద్దు, యాక్షన్ (బోల్ట్ ఉండే ఉక్కు భాగం) కూర్చునేది అక్కడే. కాలువ కింద ఉన్న బోలు గదుల్లో ఒక సన్నని అల్యూమినియం కడ్డీ పెట్టి ఎపాక్సీ నింపితే ముందుభాగం గట్టిపడుతుంది. దీనికయ్యేది ఇరవై ముప్ఫై డాలర్లు, ఒక శనివారం మధ్యాహ్నం.

విడదీసేటప్పుడు ఒక జాగ్రత్త ఉంది. చాలా రైఫిళ్లలో రికాయిల్ లగ్ యాక్షన్‌తో పాటే బయటికి వస్తుంది, యాక్సిస్‌లో మాత్రం అది స్టాక్‌లో కూర్చునే ఒక విడి ఉక్కు ముక్క. తిరగేసినప్పుడు కింద పడిపోయి, అది లేకుండానే మళ్లీ బిగించేవారు ఉన్నారు. పేలిన ప్రతిసారీ వెనక్కి వచ్చే తోపును స్టాక్‌కు అందించేది ఆ ముక్కే. బిగించేటప్పుడు రైఫిల్‌ను నిలువుగా పెట్టి, యాక్షన్‌ను ఆ లగ్‌కు గట్టిగా ఆనేలా వెనక్కి నొక్కి పట్టుకుని, రెండు స్క్రూలను మార్చి మార్చి కొద్దికొద్దిగా తిప్పండి. ఎంత గట్టిగా అన్నది సావేజ్ వారి మాన్యువల్‌లో ఉన్నంతే.

నల్లమల:

పై మాటలతో ఏకీభవిస్తూనే ఒక అభిప్రాయం చెబుతాను. కొనక ముందే ఈ చర్చ చూసి ఉంటే వాడిన రూగర్ అమెరికన్ వెతకమని చెప్పేవాణ్ణి. 2012లో అమ్మకానికి వచ్చిన ఆ రైఫిల్‌లో స్టాక్ లోపలే ఉక్కు బ్లాకులు ఉంటాయి, ట్రిగ్గర్‌ను 3 నుంచి 5 పౌండ్ల మధ్య సొంతదారే సర్దుకోవచ్చు, కనుక తర్వాత పెట్టే ఖర్చు తగ్గుతుంది. ఇంకా వెతుకుతున్నవారెవరైనా యాక్సిస్ కంటే యాక్సిస్ 2 దొరికితే దానికే మొగ్గండి. అందులో సావేజ్ వారి అక్యుట్రిగ్గర్ ఉంటుంది, ట్రిగ్గర్ మధ్యలో సన్నని రేకు కనిపిస్తే అదే. పాత రెమింగ్టన్ 700 చవకగా వస్తోందని ఆశపడేవారు మాత్రం తయారీ తేదీ చూసుకోవాలి: 2006 మే 1 నుంచి 2014 ఏప్రిల్ 9 వరకు ఎక్స్-మార్క్ ప్రో ట్రిగ్గర్‌తో తయారైన మోడల్ 700, మోడల్ సెవెన్ రైఫిళ్లను, ట్రిగ్గర్ లాగకుండానే పేలే ప్రమాదం ఉందని ఆ సంస్థ 2014లో వెనక్కి పిలిచింది. మరమ్మతు జరిగిందన్న రుజువు లేకుండా అటువంటిది కొనకూడదు.

ఇక ఫ్రిస్కోవాసి గారి ట్రిగ్గర్ విషయం. టిమ్నీ వారిది యాక్సిస్‌కు సరిపడేది దొరుకుతుంది, నిజంగా మంచిది, కానీ దాని ధర వంద డాలర్లు దాటుతుంది. బాయ్డ్స్ వారి చెక్క స్టాక్‌దీ అదే దారి. ఈ రెండూ కలిపితే మీరు రైఫిల్‌కు పెట్టినంత డబ్బు మళ్లీ పెట్టినట్టు, అమ్మేటప్పుడు అందులో సగం కూడా తిరిగి రాదు. పంది ఛాతీ దగ్గర గురిపెట్టే చోటు అరచేయంత ఉంటుంది, పొలం గట్టున మీరు కాల్చే దూరం 100 గజాలు దాటదు. ఆ పనికి బరువైన ట్రిగ్గర్ కూడా చాలు, నిదానంగా వెనక్కి లాగడం చేతికి అలవాటు కావాలి అంతే. మిగిలిన డబ్బును తూటాలకూ, రేంజ్ రుసుముకూ ఉంచుకోండి. స్ప్రింగు జోలికి మాత్రం మీరు కూడా పోకండి.

బ్రాజోస్‌తీరం:

ట్రిగ్గర్ మీద నల్లమల గారితో నాకు కొంత తేడా ఉంది. భారమైన ట్రిగ్గర్‌తో నేర్చుకున్నవారు లాగేటప్పుడు రైఫిల్‌ను పక్కకు గుంజడం అలవాటు చేసుకుంటారు, ఆ అలవాటు పోవడం కష్టం. కాబట్టి వచ్చే ఏడాదికి టిమ్నీ పెట్టుకున్నా నేను తప్పుపట్టను; ఈ ఏడాదికి మాత్రం వారి మాటే వినండి.

తూటాల విషయానికి వస్తే, ఒకే రకం డజను పెట్టెలు ఒక్కసారి కొనకండి. 150 గ్రెయిన్ల (తూటా బరువు కొలత) సాఫ్ట్ పాయింట్ (మెత్తని మొన ఉన్న) వేట తూటాలు మూడు వేర్వేరు కంపెనీలవి ఒక్కొక్క పెట్టె తెచ్చి, బ్యారెల్ కడిగిన తర్వాత, ఇసుక సంచుల మీద ఆనించి, ఒక్కొక్కటి విడివిడి కాగితం మీద కాల్చండి. యాక్సిస్ బ్యారెల్ సన్ననిది, వరసగా పేలిస్తే వేడెక్కి గురి జరుగుతుంది, అందుకే మూడు గుళ్లకోసారి బోల్ట్ తెరిచిపెట్టి, బ్యారెల్ చేతికి చల్లగా తగిలేదాకా ఆగాలి. మొదట 25 గజాల దగ్గర కాగితం మధ్యకు తెచ్చుకుని, ఆ తర్వాత 100 గజాలకు వెళ్లండి. 100 గజాలకు కుదిర్చిన .308 తూటా 200 గజాల దగ్గర దాదాపు 4 అంగుళాలు కిందికి దిగుతుంది. మీరు చెప్పిన పొలంలో అంత దూరం కాల్చే పని లేదు కనుక 100 దగ్గరే స్థిరపరచి, ఏ తూటా చిన్న గుంపుగా పడిందో ఆ పెట్టె లాట్ నంబరు (ఒకే విడతలో తయారైనవాటి గుర్తు) రాసిపెట్టుకుని, మిగతావి అదే లాట్‌లో తీసుకోండి.