డ్రిల్లు మాస్టారి మీద అర్జీ... సంతకం పెట్టాలా?

గుణుపురం అమ్మ:
మేముండేది ఒడిశాలో. మా పాప ఎనిమిదో తరగతి, బడి ఖోఖో జట్టులో ఉంది. త్వరలో జిల్లా పోటీలకి రాయగడ వెళ్ళాలి. నిన్న సాయంత్రం మా వీధి చివరి అన్నయ్యగారు ఒక కాగితం తెచ్చారు. వాళ్ళమ్మాయీ అదే జట్టు. "డ్రిల్లు మాస్టారు ఒడియా పిల్లల్నే మొదటి బ్యాచిలో దింపుతున్నారు, మన తెలుగు పిల్లల్ని మూడో బ్యాచికి తోసేస్తున్నారు, బడి యాజమాన్య కమిటీ ముందు జట్టుని మళ్ళీ ఎంపిక చెయ్యాలి" అని హెడ్మాస్టరుగారికి అర్జీ. అప్పటికే చాలా సంతకాలు పడ్డాయి. మా పాపదీ మూడో బ్యాచే కాబట్టి నేనూ పెట్టేస్తానని ఆయన ధీమా.

నేను బట్టలు కుడతాను. మిషను కిటికీ దగ్గర, కిటికీకి ఎదురుగా గ్రౌండు. రోజూ చూస్తున్నదే. మొదటి బ్యాచిలో ఒడియా పిల్ల ఒక్కతే, మిగతా ఇద్దరూ హాస్టల్లో ఉండే సవర పిల్లలు. వాళ్ళు పరిగెడుతుంటే కుట్టు ఆపి చూడాల్సిందే. వాళ్ళ అమ్మానాన్నలు కొండ మీద ఊళ్ళల్లో ఉంటారు. వాళ్ళ తరఫున సంతకం పెట్టడానికి ఎవరొస్తారు? పెద్దవాళ్ళ ముందు ఎంపికంటే ముందు పోయేది వాళ్ళిద్దరి చోటే.

అలాగని మాస్టారు బంగారం అనను. పోయినసారి పోటీల్లో మా పాపకి రన్నింగు రాలేదు. ఇంటికొచ్చి అన్నం తినలేదు. ఎందుకని అడిగితే ఆయన "ఆట సంగతి నాకొదిలెయ్యండి" అన్నారు, అంతే. అన్నయ్యగారింటి కుట్టుపనంతా నాదే, కాదంటే మొహం చాటేస్తారు. ఏం చెయ్యమంటారు?

రిటైరైన పీఈటీ, పర్లాకిమిడి:
అమ్మా, మూడో బ్యాచి శిక్ష కాదు. తొమ్మిది మంది రన్నర్లు ముగ్గురేసి దిగుతారు. మొదటి ముగ్గురు టైమంతా తినేస్తే మూడో బ్యాచికి పని ఉండదు, అది జట్టుకి మంచిదే. వాళ్ళు తొందరగా అవుటైపోయారా, మిగిలిన టైమంతా మోసేది మూడో బ్యాచే. కంగారుపడని పిల్లని నేను అక్కడే దాచుకునేవాణ్ణి. పైగా చేజింగులో, అంటే మన జట్టు తరిమే వంతులో, తొమ్మిది మందికీ పని ఉంటుంది.

కమిటీ సంగతంటారా, 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం అందులో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి. బడి ఎలా నడుస్తోంది, డబ్బు ఎలా ఖర్చవుతోంది అని చూడటం వాళ్ళ పని. గ్రౌండులో రాళ్ళు తీయించమని అడగండి, మంచినీళ్ళు అడగండి. జట్టు కట్టే పని మాత్రం వాళ్ళకిస్తే ఎవరి నాన్న గట్టిగా మాట్లాడితే ఆ పిల్లే ఆడుతుంది.

కాశీనగర్ నాన్న:
మాస్టారూ, మీరు చెప్పిన ఈ నాలుగు ముక్కలు ఆ సారు చెప్పుంటే అర్జీ పుట్టేదే కాదు. తెల్లారకుండా లేపి ప్రాక్టీసుకి పంపేది మేము, మోకాలు చీరుకుపోతే మందు రాసేది మేము. సర్టిఫికెట్ వస్తే స్పోర్ట్స్ హాస్టల్లో సీటుకి పనికొస్తుందని ఆశ. ఎందుకని అడిగితే అది జోక్యం ఎలా అవుతుంది?

కాకపోతే ఒడియా, తెలుగు అని రాయడం నాకూ నచ్చలేదు. 2022లో అల్టిమేట్ ఖోఖో లీగ్ ఫైనల్లో ఒడిశా జగ్గర్‌నాట్స్ 46-45తో తెలుగు యోధాస్‌ని కొట్టినప్పుడు మా ఇంట్లో నేనో పక్క, మా అబ్బాయో పక్క. టీవీ ముందు అరుచుకుని తర్వాత కలిసే అన్నం తిన్నాం.

ఒకప్పటి చేజర్, బరంపురం:
మా నాన్న గీత పక్కనే నిలబడి "వెనకే ఉంది, తిరుగు తిరుగు" అని అరిచేవారు. చేజర్ ఒక దిక్కు పట్టాక వెనక్కి తిరిగితే ఫౌల్. నేను తిరిగేదాన్ని, విజిల్ పడేది, ఆయన రిఫరీని తిట్టేవారు. చివరికి మా సారు ప్రాక్టీసులో స్కోరు రాసే పని ఆయనకే అప్పగించారు. ఎవరు ఎంతసేపు నిలబడ్డారో తన చేత్తోనే రాయాల్సి వచ్చేసరికి, నన్ను మొదటి బ్యాచిలో వెయ్యమని అడగడం మానేశారు. అక్కా, మీ అన్నయ్యగారి చేతిలో కూడా స్టాప్‌వాచ్ పెట్టించండి.

గుణుపురం అమ్మ:
సంతకం పెట్టలేదు. ఆయన మొహం మాడ్చుకుని వెళ్ళిపోయారు. కుట్టడానికిచ్చిన జాకెట్టు గుడ్డలు ఇంకా వెనక్కి అడగలేదు, చూడాలి. నేనే వేరే కాగితం రాశాను. రాయగడ బయల్దేరే ముందు ఏ పిల్ల ఏ బ్యాచో, ఎందుకో మాస్టారు మాకొకసారి చెప్పాలని, ఆ మాట హాస్టల్ పిల్లల ఇళ్ళకి కూడా వార్డెన్ ద్వారా చేరాలని. దాని మీద మొదటి సంతకం ఆ అన్నయ్యగారి భార్యదే, ఆయనకి చెప్పకుండా వచ్చి పెట్టింది.

పర్లాకిమిడి మాస్టారూ, మా పాప ఒకటి అడగమంది. కోర్టు చివర పాతిన పోల్ దగ్గర తిరిగేటప్పుడు స్పీడు తగ్గిపోయి అక్కడే దొరికిపోతోంది. దానికి ఇంట్లో చేసుకునే ప్రాక్టీసు ఏమైనా ఉందా? మా పెరట్లో కొబ్బరిచెట్టు ఉంది.