కొత్త వ్యాపార ఆలోచన నలుగురు కూర్చుంటే పుడుతుందా, పనిలో ఉంటే తడుతుందా?

విజయనగరం విద్యార్థి:
పెద్దలకు నమస్కారం. కొత్త వ్యాపార ఆలోచనల కోసం మేము కళాశాలలో శనివారాలు కూర్చుంటున్నాం. తోచిందల్లా బోర్డు మీద రాయాలి, ఎవరి మాటనూ కొట్టిపారేయకూడదు అన్నది నియమం. మా మామయ్య మాత్రం "గదిలో వ్యాపారం పుట్టదు, బజారులో తిరగండి" అంటున్నారు. మీరేమంటారు?

కాశీబుగ్గ వ్యాపారి:
మీ మామయ్యగారి మాటే నా మాట. మా పలాస, కాశీబుగ్గల్లో జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్ల చేతులు చూశారా? పెంకులోని నూనె తగిలితే చర్మం కాలి, నల్లబడి, పొరలుగా ఊడుతుంది. బూడిదో ఆముదమో రాసుకుని పనిలో కూర్చుంటారు. మందపాటి గ్లౌజులు ఇస్తే తీసి పక్కన పెడతారు. పప్పు విరగకుండా రావాలంటే వేలికొసకు స్పర్శ తెలియాలి మరి. గుండు పప్పుకు ఉన్న ధర బద్దకు రాదు. నూనెను ఆపుతూ, స్పర్శను ఆపకుండా, ఎండాకాలంలోనూ చెయ్యి ఉక్కపోయని తొడుగు కూలి చేసుకునే మనిషి కొనగల ధరకు ఎవరైనా తయారు చేస్తే, అదీ కొత్త వస్తువు! బోర్డు ముందు కూర్చున్నవాళ్లకు ఇది ఎలా తడుతుంది?

శ్రీకాకుళం అధ్యాపకుడు:
తొడుగు ఆలోచన బాగుంది. కానీ ఆ చేతులను మీ ఊళ్లో అందరూ ఏళ్ల తరబడి చూస్తున్నారు కదా, ఇంతవరకూ ఎవరూ ఎందుకు పూనుకోలేదు? రోజూ చూసేది కంటికి ఆనదు. బయటివాడు కావలసింది అందుకే.

1968లో అమెరికాకు చెందిన 3ఎం సంస్థలో స్పెన్సర్ సిల్వర్ గట్టిగా పట్టుకోని జిగురు ఒకటి తయారు చేశారు. అది దేనికి పనికొస్తుందో చాలాకాలం తేలలేదు. చర్చి పాటల పుస్తకంలో గుర్తుకు పెట్టుకున్న కాగితాలు జారిపోతున్నాయని విసిగిన ఆర్ట్ ఫ్రై, అదే సంస్థ ఉద్యోగి, 1974లో దాని ఉపయోగం పట్టుకున్నారు. అంటించి మళ్లీ ఊడదీసుకోగల పోస్ట్-ఇట్ చీటీలు అలా వచ్చాయి. ఒకరి జిగురు, ఇంకొకరి విసుగు.

విద్యార్థికి ఒక మాట. మీరు పాటిస్తున్న పద్ధతిని ప్రచారంలోకి తెచ్చింది అలెక్స్ ఆస్బర్న్ అనే అమెరికా ప్రకటనల రంగ ప్రముఖుడు. 1958లో యేల్ విశ్వవిద్యాలయంలో దాన్ని పరీక్షిస్తే, కలిసి కూర్చున్న నలుగురి కన్నా విడివిడిగా ఆలోచించిన నలుగురి జాబితాలు కలిపినప్పుడే ఎక్కువ ఆలోచనలు తేలాయి. ఒకరు మాట్లాడుతుంటే మిగతావారి ఆలోచన ఆగిపోతుంది. ముందు ఎవరికి వారు కాగితం మీద రాసుకోండి, తర్వాత కూర్చోండి.

బొబ్బిలి నుంచి:
పనస చెక్కతో చేసే మా బొబ్బిలి వీణ పెద్దదైతే వాయించేవాళ్లే కొంటారు. సన్మానాల్లో ఇచ్చే బుల్లి వీణ కొనడానికి సరిగమలు రానక్కర్లేదు. పనితనం అదే, కొనేవాళ్లు మారారు. "ఇదే పనితనాన్ని ఇంకెవరు కొంటారు" లాంటి ప్రశ్నలు కూడా వేసుకోండి.

కాశీబుగ్గ వ్యాపారి:
అధ్యాపకుడుగారూ, బయటి కన్ను కావాలి, ఒప్పుకుంటాను. ఆ కన్ను తోటదాకా రావాలి. ఉద్దానం తోటల్లో పిక్క తీసుకుని జీడిమామిడి పండును చెట్టు కిందే వదిలేస్తారు. "రసం తీసి అమ్మండి" అని చెప్పనివారు లేరు. గోవాలో దానితో ఫెనీ అనే సారా చేస్తారు. ఉడికించిన సగ్గుబియ్యం కలిపితే వగరు అడుగుకు దిగి రసం తేరుతుందన్నదీ తెలిసిందే. చిక్కు మరోచోట ఉంది. రాలిన పండు రోజు తిరక్కుండానే పులుస్తుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే రైతు ఇంటిల్లిపాదీ పిక్కలు ఏరుతూ ఉంటారు. పండు ఎవరు మోస్తారు, ఎంత కూలికి? కాబట్టి "పండుతో ఏం చేద్దాం" అని బోర్డు మీద రాయకండి. "రాలిన పండును సాయంత్రంలోగా తోటలోనే చెడకుండా ఎలా ఆపాలి" అని రాయండి. అప్పుడు మీ గది మీద నాకు నమ్మకం కుదురుతుంది.

విజయనగరం విద్యార్థి:
ఈ శనివారం ఇదే ప్రశ్న, ముందుగా విడివిడిగా. పిక్కల కాలంలో తోటకు రావచ్చా?

కాశీబుగ్గ వ్యాపారి:
తప్పకుండా రా బాబూ. ఏప్రిల్‌లో, తెల్లవారేసరికల్లా చేరుకోండి. ఎండెక్కితే ఏరేవాళ్లు దొరకరు.