వ్యాకరణం దిద్దమంటే చాట్‌బాట్ వాక్యాలే మార్చేస్తోంది

ఎమ్మెస్సీ బోటనీ రెండో ఏడాది, డిగ్రీ దాకా తెలుగు మీడియం. ప్రాజెక్ట్ రిపోర్టు ఇంట్రడక్షన్, 600 పదాలు, సొంతంగా ఇంగ్లీషులో రాసి, ఆర్టికల్స్, టెన్స్ తప్పులు మాత్రమే దిద్దమని ఏఐ చాట్‌బాట్‌కి ఇచ్చాను. నేను ‘షోస్’ అని రాసినచోటల్లా ‘అండర్‌స్కోర్స్’ అని పెట్టేసింది. గైడ్ గారు చదివి “ఇది నీ భాష కాదమ్మా” అన్నారు. చాలా బాధేసింది, ఆలోచనంతా నాదే కదా.

“మాటలు మార్చొద్దు” అని చెప్పి చూశాను. ఒక్కో పేరా విడిగా ఇచ్చాను. రెండు పేరాలు బాగానే వస్తాయి, మూడోదాన్నుంచి మళ్లీ అదే తంతు. తప్పుల జాబితా మాత్రమే అడిగితే సరైన వాక్యాలను కూడా తప్పుల్లో కలిపేస్తోంది. సబ్మిషన్‌కి 12 రోజులే ఉంది, టెన్షన్‌గా ఉంది.

నా వాక్యాల జోలికి రాకుండా, అసలైన వ్యాకరణ తప్పులు మాత్రమే చూపించాలంటే దాన్ని ఏమని అడగాలి?