"సజ్జనుండు పల్కు చల్లగాను": రెజ్యూమెకు ఈ పద్యం అడ్డమా?

నిన్న మన గ్రూపులో అనంతపురం చెల్లెలు ఒకామె అడిగింది కదా, ఉద్యోగానికి రెజ్యూమె రాసుకుంటాంటే ఇంట్లో పెద్దాయన వేమన పద్యం చదివి సొంత డబ్బా కొట్టుకోవద్దమ్మా అన్నాడంట, దాంతో తను చేసిన పనులన్నీ తీసేసి చదువు, మార్కులు మాత్రం ఉంచిందంట, ఇది సరేనా అని. కామెంట్లో పట్టదని విడిగా రాస్తాండా.

అల్పుడెపుడు పల్కు నాడంబరముగాను
సజ్జనుండు పల్కు చల్లగాను
కంచు మ్రోగునట్లు కనకంబు మ్రోగునా
విశ్వదాభిరామ వినురవేమ

అందరం కంచు, కనకం దగ్గరికి ఉరుకుతాం, రెండో పాదం మీద నిలబడం. సజ్జనుడు నోరు మూసుకుంటాడని వేమన అన్నాడా? లేదు, "పల్కు" అన్నాడు. అల్పుడికి ఏ క్రియ వాడినాడో సజ్జనుడికీ అదే వాడినాడు, తేడా అంతా ఆడంబరముగాను, చల్లగాను అనే రెండు మాటల్లోనే పెట్టినాడు. కాబట్టి చెప్పుకోవద్దు అనడానికి ఈ పద్యం పనికిరాదు, ఎట్లా చెప్పాలో నేర్పడానికైతే ఇంతకంటే మంచి పద్యం నాకు కనపడలా.

కనకం మోగదు సరే, మరి మోగకపోతే అది కనకమని ఎట్లా తెలుస్తుంది? ప్రొద్దుటూరు బంగారు అంగళ్ళలో చూడండి, గీటురాయి మీద గీస్తారు, తూకం వేస్తారు, 916 ముద్ర ఉందా అని చూస్తారు. రెజ్యూమెలో లైను కూడా అంతే, చదివేవాడు గీసి చూసుకునే వివరం అందులో ఉండాల. "కష్టపడే స్వభావం, డైనమిక్, సెల్ఫ్ మోటివేటెడ్, టీమ్ ప్లేయర్" ఇదంతా కంచు, ఎందుకంటే ఎవరైనా రాసుకోవచ్చు, కాదని చూపే దారి లేదు. "బీకాం చదువుతూ రెండేళ్ళు సాయంత్రం పూట బట్టల షాపులో ట్యాలీలో బిల్లులు ఎక్కించినాను, నెలాఖరున స్టాకు సరిచూసినాను" అన్నామనుకో, ఇందులో పొగడ్త మాట ఒక్కటీ లేదు, కానీ ఇంటర్వ్యూలో కూర్చున్నాయన వెంటనే స్టాకు తేడా వస్తే ఏం చేసేదానివమ్మా అని అడుగుతాడు, అక్కడ మనం మాట్లాడే చోటు దొరుకుతుంది. అంకె ఏది వేసినా నిజమైనదే వేయండి, ఆయన అడిగేది దాని గురించే.

ఇంకోటి భాష సంగతి. మనకు "నేను" అనకపోయినా "చేసినాను" అంటే చేసిందెవరో తెలిసిపోతుంది. ఇంగ్లీషు రెజ్యూమెలో కూడా "ఐ" వదిలేసి నేరుగా క్రియతో మొదలుపెడతారు, కాబట్టి నేను నేను అని రాసుకోవాల్సి వస్తుందే అని సిగ్గుపడే పనే లేదు. మనోళ్ళు వినయం కొద్దీ "చేయడం జరిగింది" అని రాస్తారు, చూడప్పా, అట్లా రాస్తే పని జరిగిందని తెలుస్తుంది గానీ చేసింది నువ్వని తెలీదు. నాకు ఈ "జరిగింది" చూస్తే నిజంగా బాధేస్తుంది, ఎందుకంటే అది రాసేది ఎప్పుడూ బాగా పనిచేసిన పిల్లలే.

కర్నూలు నుంచి ఒక అన్న కామెంటు: అంతా బాగుంది గానీ ఇప్పుడు పెద్ద కంపెనీల్లో రెజ్యూమెను మనిషి కంటే ముందు సాఫ్ట్‌వేర్ చూస్తుందంట కదా, దానికి చల్లగా చెప్తే వినపడుతుందా?

జవాబు: అన్నా, దానికి విశేషణాలు అసలే అక్కర్లేదు. ఉద్యోగ ప్రకటనలో అడిగిన పని పేరు, సాఫ్ట్‌వేర్ పేరు మనకు నిజంగా వచ్చుంటే అదే మాటతో రాయాల. ట్యాలీ అని అడిగితే ట్యాలీ అనే రాయాల, "అకౌంటింగ్ ప్యాకేజీలు" అంటే దొరక్కపోవచ్చు. గీతల డబ్బాలు, బొమ్మలు, పేజీలో రెండు నిలువు వరసలు పెడితే కొన్నిసార్లు అది సరిగా చదవలేదు, సాదాగా ఉంచండి. కొత్తగా చదువు ముగించినోళ్ళకు ఒక పేజీ చాలు, ఇటీవలిది పైన, పాతది కింద.

కడప నుంచి ఒక సార్: తండ్రి పేరు, మతం, పెళ్ళయిందా లేదా, కింద "పై వివరాలు సత్యమని ప్రమాణపూర్వకంగా" అన్నీ ఉండాల కదమ్మా, మా కాలంలో అట్లే రాసేవాళ్ళం.

జవాబు: సార్, అది బయోడేటా పద్ధతి. సర్కారు దరఖాస్తు ఫారంలో అడిగితే తప్పకుండా నింపాల. ప్రైవేటు ఉద్యోగానికి అవసరం లేదు, ఆ చోటులో చేసిన పని రెండు లైన్లు పడుతుంది.

ఆ చెల్లెలు: అక్కా, మా అమ్మ వాళ్ళ పొదుపు సంఘం పుస్తకాలు నేనే రాస్తా, అది జీతం లేని పని, పెట్టొచ్చా?

జవాబు: పెట్టమ్మా, తప్పకుండా పెట్టు! ఎంతమంది సంఘం, ఎన్నేళ్ళ నుంచి, ఏ పుస్తకాలు, బ్యాంకుకు కంతు కట్టే లెక్క ఎవరు చూస్తారు, ఇవి రాసి ఇక్కడ పెట్టు.

ఆ చెల్లెలు: "మూడేళ్ళుగా 10 మంది సభ్యుల పొదుపు సంఘానికి పొదుపు, అప్పుల పుస్తకాలు రాయడం జరిగింది, నెల నెలా బ్యాంకు కంతు లెక్క సరిచూడడం జరుగుతుంది."

జవాబు: విషయం చాలా బాగుంది తల్లీ. "రాయడం జరిగింది" తీసేసి "రాస్తున్నాను" పెట్టు, ఇప్పటికీ చేస్తాండే పని కదా. రెండోది "సరిచూస్తున్నాను". ఇది చదువు కింద కాదు, అనుభవం అని విడిగా శీర్షిక పెట్టి మార్కుల కంటే పైన వెయ్యి.