సమస్య: “పెండ్లి యాగిపోయెఁ బెండ్లి వలన”

నిర్వాహకుడు: ఈసారి ఆటవెలది నాలుగో పాదం ఇస్తున్నాను. షరతు ఒక్కటే. పూరణ విక్టోరియన్ కాలపు గోతిక్ నవలలోంచి (భయం, రహస్యం నిండిన కథలోంచి) రావాలి, చదివేవాళ్లను ఆ రచయితలు ఊపిరి బిగబట్టి కూర్చోబెట్టిన తీరు పద్యంలో కనబడాలి.

అక్షరపిట్ట:
అటక మీద భార్య నణఁచి దాచిన వాఁడు
చర్చిలోన వేఱె చానతోడఁ
బెండ్లియాడ రాఁగఁ బెద్ద గుట్టది తేలి
పెండ్లి యాగిపోయెఁ బెండ్లి వలన.
(షార్లెట్ బ్రాంటీ ‘జేన్ ఐర్’, 1847. నాయకుడు రాచెస్టర్ మొదటి పెళ్లి జమైకాలో అయింది. ఆ భార్యను తన ఇల్లు థార్న్‌ఫీల్డ్ మేడ మీద దాచాడు. ఇప్పుడు జేన్‌ను పెళ్లాడబోతాడు.)

నిర్వాహకుడు: గణాలు, యతి సరిగ్గా ఉన్నాయండి. ‘గుట్టది’లో ‘అది’ గణం కోసం వచ్చింది. అసలు చిక్కు మొదటి పాదంలో ఉంది. ‘అటక మీద భార్య’ అనగానే కథ అయిపోయింది! నవలలో మేడ మీంచి ఆమె నవ్వు 11వ అధ్యాయంలో వినిపిస్తే, ఎవరిదో తెలిసేది 26వ అధ్యాయంలో. ఈలోగా అనుమానమంతా గ్రేస్ పూల్ అనే పనిమనిషి మీదికి పోతుంది. జవాబు దొరికిందనుకుంటాం, అది దేనికీ అతకదు. టెన్షన్ అక్కడ పుడుతుంది. మూడో పాదం ఇలా చూడండి: ‘బెండ్లియాడ రాఁగఁ బెదవి విప్పె నొకఁడు’. మొదటి పాదం మాత్రం మళ్లీ రాయాల్సిందే.

యతిమైత్రి:
నవ్వు మేడపైన, నడిరేయి పానుపున్
మంట, పెండ్లిముసుఁగు మధ్య చినిఁగె
నెవరొ? చర్చిలోన నెవఁడొ యొకని మాట!
పెండ్లి యాగిపోయెఁ బెండ్లి వలన.

నిర్వాహకుడు: చాలా బాగుంది. నవ్వు, మంట, చినుగు, మాట. మనిషి ఒక్కరూ కనబడరు. చర్చి ఘట్టంలో బ్రాంటీ చేసిందీ ఇదే. అభ్యంతరాలుంటే చెప్పమని అడిగి పాదిరి ఆచారం కొద్దీ ఆగుతాడు. ఆ విరామంలో నూరేళ్లకోసారైనా ఎవరూ నోరు విప్పరేమో అనుకుంటుంది జేన్. పాదిరి చెయ్యి అప్పటికే రాచెస్టర్ వైపు చాచి ఉంది. సరిగ్గా అప్పుడు వినిపిస్తుంది మాట. ‘ఎవఁడొ యొకని’ అని ఆపేయడం వల్ల ఆ క్షణం పద్యంలోకి వచ్చింది.

యతిమైత్రి: ధన్యవాదాలండి. పానుపు మంటను మొదట్లోనే పెట్టడానికి ఒక కారణం ఉంది. నవల మూడు సంపుటాలుగా వచ్చింది. మొదటిది పడకకు నిప్పంటుకున్న రాత్రితో, రెండోది ఆగిన పెళ్లితో ముగుస్తాయి. ఆ కాలంలో పుస్తకాలు అద్దెకిచ్చే మ్యూడీ లైబ్రరీలో ఏడాదికి ఒక గినీ (అప్పటి ఇంగ్లండు డబ్బు) చందా కడితే ఒకసారికి ఒక సంపుటమే ఇచ్చేవారు. నిప్పు ఎవరు పెట్టారో తెలియకుండానే పుస్తకం వాపసు చేసి, రెండోది తెచ్చుకోవాలి.

అక్షరపిట్ట: ‘లేడీ ఆడ్లీస్ సీక్రెట్’ (1862) నవల మీద ఇంకోటి రాయనా? అందులోనూ మొదటి భర్త బతికే ఉన్నాడు కదా.

నిర్వాహకుడు: అక్కడ రెండో పెళ్లి జరిగిపోయాకే అతను ఆస్ట్రేలియా నుంచి తిరిగొస్తాడు. పెళ్లి ఆగలేదు కాబట్టి సమస్య పొసగదు.

అక్షరపిట్ట: అయితే మొదటి పాదం మార్చాను: ‘తాళమున్న గదినిఁ దలఁచి వణఁకు వాఁడు’.

నిర్వాహకుడు: భేష్! ఇక రెండో పాదంలో ‘వేఱె’ తీసేయండి, ఆ ఒక్క మాట ముందే ఒకావిడ ఉందని చెప్పేస్తోంది. ‘చర్చిలోన వలచు చానతోడఁ’ అంటే గణమూ నిలుస్తుంది, గుట్టూ నిలుస్తుంది.